పక్క వాటా కిటికీలు

ఆ ఏడు జూన్‌లో మా పక్క వాటా నుంచి పోపు వాసన రావడం ఆగిపోయింది. ముందు గమనించింది రాధారాణి.

"నళిని వంట మానేసినట్టుందండీ," అంది ఒక ఆదివారం పొద్దున, కాఫీ గ్లాసు నా ముందు పెడుతూ. "ఇంగువ లేదు, ఎండుమిరపకాయ ఘాటు లేదు. బ్రెడ్డు కాల్చిన వాసన తప్ప ఇంకేం రావడం లేదు."

"ఎండలు కదా," అన్నాను.

"ఎండలకి ఎవరైనా పోపు మానేస్తారా? లెక్కల మాస్టారు కదా, లెక్క కట్టుకోండి."

ఆమె గొంతులో కాస్త వెక్కిరింపు వినిపించింది. అది వినక చాలాకాలమైంది. అందుకని వెంటనే లెక్క కట్టలేదు. గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నాను.

1982 సంగతి ఇది. ఫ్రీమాంట్‌లో మాది పాత చెక్క ఇల్లు. మాకు ముందున్నవాళ్ళెవరో మధ్యలో గోడ కట్టి దాన్ని రెండు వాటాలు చేశారు. ఒకదాంట్లో మేం ఉండేవాళ్ళం, రెండోది అద్దెకిచ్చాం. వంటిళ్ళు రెండూ ఆ గోడకి ఇటూ అటూ ఉండేవి. గోడలో ఒక తలుపు, దానికి మావైపొక గడియ, వాళ్ళవైపొక గడియ. బట్టలుతికే మెషీన్ ఇద్దరికీ కలిపి గరాజ్‌లో ఉండేది. నేను జూనియర్ హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి.

మా అమ్మాయి రేణు పోయి అప్పటికి రెండేళ్ళు. పోయేనాటికి దానికి ఆరేళ్ళు. రక్తానికి వచ్చే జబ్బు. దాని గురించి ఇంతకుమించి రాయలేను. ఆ తరవాత రాధారాణి ఏడవడం నేను పెద్దగా చూడలేదు. బడి వదిలే వేళకి మాత్రం లేచి వెళ్ళి వీధివైపు కిటికీ దించేసేది. పిల్లలు సైకిళ్ళ మీద అరుచుకుంటూ వెళ్ళిపోయేదాకా దాని పక్కనే నిలబడి, సందడి తగ్గాక మళ్ళీ ఎత్తేది. పైకెత్తితే తెరుచుకుని దించితే మూసుకునే పాత కిటికీ, దించినప్పుడల్లా కీచుమనేది.

ఆ చప్పుడు చెవిలో పెట్టుకునే, పక్క వాటా ఖాళీ అయినప్పుడు నేను జగన్మోహన్ గారికి ఫోన్ చేశాను. మా ఊళ్ళో కొత్తగా దిగిన తెలుగువాళ్ళెవరైనా ముందు ఆయనింట్లో, ఆయన భార్య శాంతి గారి చేతి అన్నం తిన్నాకే ఇల్లు వెతుక్కునేవారు. "పిల్లలు లేని జంట ఉంటే చూడండి," అన్నాను. ఆయన ఎందుకని అడగలేదు.

ఏప్రిల్‌లో శ్యామ్‌సుందర్, నళిని వచ్చారు. అతను సన్నీవేల్‌లో ఇంజనీరు. పెళ్ళయి ఏడాది కాలేదు. అద్దె కాగితం మీద సంతకాలయ్యాక, పిల్లల మాట నోటితోనే చెప్పాను.

శ్యామ్‌సుందర్ నవ్వేశాడు. "ఇప్పట్లో ఆ ప్లానేం లేదండి మాస్టారూ. ముందు గ్రీన్‌కార్డ్ రానివ్వండి."

నళిని నవ్వలేదు. వాళ్ళ వంటింట్లోకి తెరుచుకునే ఆ తలుపు వైపు చూస్తూ, "ఇది ఎప్పుడూ వేసే ఉంటుందా అండీ?" అని అడిగింది. వేసే ఉంటుందని చెప్పాను.

ఆ జూన్ ఆదివారం కాఫీ సగం తాగాక రాధారాణిని అడిగాను. "నీతో చెప్పిందా?"

"ఎందుకు చెప్తుంది? మూడో నెల దాటేదాకా ఎవరూ చెప్పరు. మీరు తెలిసినట్టు కనపడకండి. వాళ్ళంతట వాళ్ళే వస్తారు, స్వీటు పట్టుకుని."

నాకు భయం వేసింది. గోడ అవతల పసిపిల్ల ఏడిస్తే ఈ మనిషి ఏమవుతుంది అనుకున్నాను. బళ్ళు మూసే ముందు వారం అది. మర్నాడు మధ్యాహ్నం నేను స్కూలు నుంచి ఇంటికి వచ్చేసరికి వీధిలో పిల్లల గోల. కానీ మా కిటికీ ఎత్తే ఉంది. రాధారాణి దాని ముందు కూర్చుని పెరట్లో కోసిన పచ్చి ప్లమ్ కాయలు ముక్కలు చేస్తోంది.

"మామిడికాయ కాకపోయినా పులుపు పులుపే," అంది తల ఎత్తకుండా. "వేవిళ్ళకి బావుంటుంది."

*

ప్లమ్ కాయల ఊరగాయ చిన్న సీసాలో పెట్టి, మెషీన్ పైనున్న అరలో ఉంచింది. నళిని బట్టలు తీసుకోవడానికి వచ్చినప్పుడు గరాజ్ వైపున్న మా వంటింటి గుమ్మంలోంచే చెప్పింది. "అది నీకేనమ్మా. కారం తక్కువే వేశాను."

"థాంక్స్ ఆంటీ," అంది నళిని. బట్టల బుట్ట పొట్టకి అడ్డం పెట్టుకుని పక్కగా నడిచి వెళ్ళిపోయింది. సీసా తీసుకునే వెళ్ళింది.

చెత్త డబ్బాలు వీధి అంచుకి లాగిపెట్టడం ఇంటాయనగా నా పని. ఆ వారం వాళ్ళ డబ్బా మూత సరిగా పడకపోతే ఎత్తి చూశాను. పైనే ఉంది సీసా, కట్టిన గుడ్డ కూడా విప్పలేదు.

నేను దాన్ని గరాజ్‌లోకి తెచ్చి, ఊరగాయ ఒక కాగితంలో మూటకట్టి డబ్బా అడుగుకి తోశాను. సీసా కుళాయి కింద కడిగి, తుడిచి, మళ్ళీ అరలో పెట్టాను. వేవిళ్ళప్పుడు ఏ వాసన ఎవరికి పడుతుందో ఎవరు చెప్పగలరు అనుకున్నాను.

సాయంత్రం రాధారాణి సీసా తీసుకుని లోపలికి వచ్చింది. వెలుతురుకి పట్టి కాసేపు చూసింది.

"అప్పుడే అయిపోయిందా," అంది.

"నచ్చినట్టుంది."

ఆమె సీసాని కడిగిన గిన్నెల పక్కన బోర్లించింది. మర్నాడు సీసా మళ్ళీ నింపింది. ఆ వేసవిలో అలా చాలాసార్లు నింపింది. నేను అన్నిసార్లూ కడిగాను.

*

జులైలో, ఇంట్లో ఊరికే కూర్చోలేక, పెద్దవాళ్ళకి సాయంత్రం పాఠాలు చెప్పే స్కూల్లో ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళ కోసం పెట్టిన క్లాసులో చేరాను. చెప్పేది మిసెస్ ఒలివేరా. లాయర్ల దగ్గర పనిచేసి రిటైరయింది. తనూ ఇళ్ళు అద్దెకిస్తుంది. నల్లబల్ల మీద రాస్తే సుద్దముక్క విరిగేది. నేను టీచర్ని అని తెలిశాక నన్ను 'ప్రొఫెసర్' అనడం మొదలుపెట్టింది.

అద్దెకిచ్చాక ఆ ఇల్లు మీదే కానీ ఆ తలుపు మీది కాదు అని మొదలుపెట్టింది మొదటి రోజు. లోపలికి వెళ్ళాలంటే ఇరవై నాలుగు గంటల ముందు కాగితం ఇవ్వాలి. వెళ్ళిపోయేటప్పుడు డిపాజిట్ రెండు వారాల్లో తిరిగి ఇవ్వాలి. మనిషి ఉన్నాక తివాచీ అరుగుతుంది, గోడకి మేకు గుర్తులు పడతాయి, వాటికి పైసా పట్టుకోకూడదు. నేను పిల్లల్లాగా అన్నీ రాసుకున్నాను.

"కుక్కని వద్దనొచ్చు. పిల్లిని వద్దనొచ్చు," అంది ఒక సాయంత్రం. "ఈ ఏడు మన రాష్ట్రపు పెద్ద కోర్టు తీర్పు వచ్చాక, పిల్లల్ని మాత్రం వద్దనకూడదు."

వెనక బెంచీలో, ఆప్రికాట్ తోటలమ్మి ఇళ్ళు కొన్న ముసలాయన ఒకాయన ఉండేవాడు. "కుక్క గోడల మీద బొమ్మలెయ్యదు మేడమ్," అన్నాడు.

"కుక్క కోర్టుకి కూడా వెళ్ళదు, అందుకే మీకంత ఇష్టం," అంది ఆవిడ. అందరూ నవ్వారు.

నేను చెయ్యెత్తాను. "ముందే నోటిమాటగా చెప్పేసి ఉంటే?"

"చెప్పి ఉంటే వెళ్ళి నోటిమాటగానే వెనక్కి తీసుకోండి, ప్రొఫెసర్. ఈ వారమే."

ఆ రోజే పాత ఇళ్ళ రంగుల గురించీ చెప్పింది. మా ఇంటికి ఉన్నటువంటి పాత రంగుల్లో సీసపు లోహం ఉంటుంది. కిటికీ ఎత్తి దించినప్పుడల్లా పొడి రాలుతుంది. పాకే పిల్లల చేతులకి అంటుకుని నోట్లోకి పోతుంది. ఆ విషానికి మందు లేనట్టే అనుకోండి అంది. తడిపి గీకాలి, రెండుసార్లు కొత్త రంగు వెయ్యాలి. "గీకే రోజు పసిపిల్లలు, కడుపుతో ఉన్నవాళ్ళు ఇంట్లో ఉండకూడదు. ఈ మాట ముందురోజు ఇచ్చే కాగితంలోనే రాయండి. నోటితో చెప్తే మరిచిపోతారు."

ఇంటికి వచ్చి రాధారాణికి అన్నీ చెప్పాను. పిల్లలు వద్దనకూడదన్న మాట చివర చెప్పాను.

"ఎవరు వద్దన్నారు?" అంది.

"ఏప్రిల్‌లో వాళ్ళతో అన్నాను. జగన్మోహన్ గారితోనూ అన్నాను. నీకు కష్టమవుతుందని."

రాధారాణి చేతిలో పని ఆపింది. "నేనెప్పుడన్నానండీ పిల్లలు వద్దని?"

నేను కిటికీ వైపు చూశాను. ఆమె కూడా చూసింది.

"అది వేరు," అంది. "ఆ పిల్లలు ఆగరు. వెళ్ళిపోతారు. అందుకని మూసేదాన్ని." తరవాత అంది, "ఇది ఇక్కడే ఉంటుందిగా. పాకుతుంది. నడుస్తుంది."

'ఇది' అంది. ఇంకా పుట్టనిదాన్ని.

శనివారం నాతో పాటు రంగుల దుకాణానికి వచ్చింది. రేణు పోయాక నాతో ఏ దుకాణానికీ వచ్చి ఎరగదు. పక్క వాటా కిటికీలకని లేత పసుపు రంగు ఎంచింది. చెయ్యి తిరగాలని ముందు మా వీధివైపు కిటికీకే వేసింది. కింది చట్రం గీకి, నూనె రాసి, రంగు వేసి ఆరాక ఎత్తి దించి చూసింది. కీచుమనలేదు.

"చూశారా," అంది. "పడుకున్న పిల్ల లేవదు."

*

నోటీసు నేనే రాశాను. మిసెస్ ఒలివేరా ఇచ్చిన నమూనాలో ఎలా ఉందో అలాగే. ఫలానా రోజు ఫలానా వేళకి ఇంటివాళ్ళు లోపలికి వస్తారు, కిటికీల పాతరంగు గీకి కొత్తది వేస్తారు, చిన్నపిల్లలు, గర్భిణులు ఆ రోజు ఇంట్లో ఉండకూడదు.

తలుపు తీసింది నళిని. కాగితం అందుకుని అక్కడే చదివింది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది. చీర కొంగు ముందుకి లాక్కుంది. "ఆయన వచ్చాక చెప్తానండి," అని తలుపు వేసేసింది. లోపల గొలుసు పెట్టిన చప్పుడు వినిపించింది.

మర్నాడు చెప్పిన వేళకి ఇద్దరం వెళ్ళాం. రాధారాణి పాత చీర బిగించి కట్టుకుంది. తలకి గుడ్డ చుట్టుకుంది. ఒక చేతిలో బ్రష్షులు, ఇంకో చేతిలో నీళ్ళ బకెట్. నేను రంగు డబ్బా మోశాను.

శ్యామ్‌సుందర్ తలుపు తీశాడు. "నళినిని పొద్దున్నే శాంతి ఆంటీ వాళ్ళింట్లో దింపొచ్చానండి," అన్నాడు. తరవాత నా వెనకున్న రాధారాణిని చూశాడు. గుమ్మానికి అడ్డంగానే ఉన్నాడు. చేత్తో తలుపు పట్టుకునే ఉన్నాడు.

"మాస్టారూ, మీరొక్కరే వస్తే..."



"అవునవును, నాకు పొయ్యి మీద పనుంది," అంది రాధారాణి వెంటనే. పొయ్యి మీద ఏమీ లేదు. బ్రష్షులు నా చేతికిచ్చింది. బకెట్ గుమ్మం పక్కన నీళ్ళు తొణక్కుండా దించింది. "మూలల్లో రెండుసార్లు వెయ్యండి. అక్కడే పెచ్చులూడుతుంది." అని వెనక్కి తిరిగి, మా గుమ్మం దాకా మామూలుగానే నడిచి వెళ్ళింది.

వాళ్ళ చిన్నగదిలో ఏమీ లేదు, ఒక అట్టపెట్టె తప్ప. నేను కిటికీ తడిపి గీకడం మొదలుపెట్టాను. శ్యామ్‌సుందర్ గది గుమ్మంలో నిలబడ్డాడు.

"నేను ఏప్రిల్‌లో ఒక మాటన్నాను, పిల్లల గురించి," అన్నాను. "అది చెల్లదు. చట్టం ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. మీరు ఎన్నేళ్ళుంటే అన్నేళ్ళు ఉండండి. ఎంతమందితో ఉన్నా సరే."

"చాలా థాంక్సండి." చేతులు కట్టుకున్నాడు, విప్పాడు. "చట్టం గురించి కాదు మాస్టారూ."

"మరి?"

"మేం ఎవరికీ చెప్పలేదండి. శాంతి ఆంటీకి కూడా నిన్ననే చెప్పాం. మరి మీకెట్లా తెలిసిందీ అని నళిని భయం. ఆ కాగితం చూసినకాణ్ణించి నిద్రపోలేదు. గోడవతల నుంచి ఆంటీ తన కడుపే చూస్తన్నారంటది. వాళ్ళమ్మగారు కూడా ఉత్తరాల్లో, పిల్లని పోగొట్టుకున్న తల్లి ఎదురు పడగూడదు, ఆవిడ చేతిది తినగూడదు అని..." ఆగాడు. "నేను నమ్మనండి ఇయ్యన్నీ. ఐయామ్ యాన్ ఇంజనీర్. నమ్మేది నేను కాదుగా."

నేను గీకుతూనే ఉన్నాను. పాత రంగు తడిసి ముద్దలుగా ఊడుతోంది.

"పోపు వాసన," అన్నాను.

"ఏంటండీ?"

"మీ ఇంటి నుంచి పోపు వాసన ఆగిపోయింది. ఆవిడకి అలా తెలిసింది. అంతే."

శ్యామ్‌సుందర్ మధ్య గోడ వైపు చూశాడు.

"అది చెప్తే ఇంకా భయపడుద్దండి," అన్నాడు.

మూలల్లో రెండుసార్లు వేశాను. సాయంత్రం ఇంటికి వచ్చి చేతులు కడుక్కుంటుంటే రాధారాణి తువ్వాలు పట్టుకుని నిలబడింది.

"ఆ గదేనా దానికి?"

"ఆ గదే."

"ఉయ్యాల ఎటుపక్క వేస్తారట?"

"కిటికీ పక్కన," అన్నాను. అలాంటి మాటేదీ అక్కడ రాలేదు.

"కిటికీ పక్కనొద్దు, గాలి కొడుతుంది," అంది. తువ్వాలు నా చేతికిచ్చి వెళ్ళిపోయింది.

*

ఆ తరవాత సీసా నింపలేదు. మెషీన్ పైనున్న అరలో అది ఖాళీగా ఉండిపోయింది. నళిని మా కారు ఇంటి ముందు లేనప్పుడే గరాజ్‌లోకి వచ్చేది. సెప్టెంబర్‌లో బళ్ళు తెరిచారు. నేను పనిలో పడ్డాను. కిటికీ మాత్రం ఇంకా ఎత్తే ఉండేది. పిల్లలు వెళుతుంటే రాధారాణి దాని దగ్గర కూర్చుని ఏదో ఒకటి కుట్టుకుంటూ కనిపించేది. పక్కింటివాళ్ళు స్వీటు పట్టుకుని వస్తారని ఆమె ఇంకా ఎదురుచూస్తోందని నాకు తెలుసు. అడగలేదు.

ఒక ఆదివారం సాయంత్రం గోడ అవతల గాజుల చప్పుడు వినిపించింది. ఒకటి రెండు గాజులు కాదు, రెండు చేతుల నిండా. గిన్నె తీస్తే చప్పుడు, కుళాయి తిప్పితే చప్పుడు. మేం అన్నం ముందు కూర్చుని ఉన్నాం.

"అయిదో నెల," అంది రాధారాణి. "సీమంతం చేశారు. శాంతి వాళ్ళింట్లో చేసుంటారు." అన్నం కలిపి ముద్ద చేసింది, తినలేదు. "శాంతి మొన్న కొట్లో కనపడింది. ఈ ఆదివారం ఊళ్ళో ఉండట్లేదు అంది. నేనడక్కుండానే అంది."

గాజులు మోగుతూనే ఉన్నాయి.

"పచ్చవి ఎక్కువేసినట్టున్నారు," అంది. రంగు గోడలోంచి ఎలా తెలుస్తుంది? ఆమె నవ్వించాలనుకుందేమో. నాకు నవ్వు రాలేదు, ఆమెకీ రాలేదు.

రెండ్రోజులకి శ్యామ్‌సుందర్ ఖాళీ చేస్తున్నట్టు నోటీసిచ్చాడు. నిజానికి నెల ముందు చెప్పాలి, కానీ ఆ నెలాఖరుకే వెళ్ళనిస్తే మేలన్నాడు. సన్నీవేల్‌లో అపార్ట్‌మెంట్ దొరికిందట, ఆఫీసుకి దగ్గరట. వెళ్ళమన్నాను. ఆ సాయంత్రమే జగన్మోహన్ గారు ఫోన్ చేశారు.

"మాస్టారూ, మీరేం అనుకోకండి. మొదటి కాన్పు, దగ్గర తల్లి లేదు, ఆడవాళ్ళ భయాలు మీకు తెలియనివి కావు. రాధారాణి గారంటే మాకందరికీ ఎంత గౌరవమో..."

"తెలుసండి," అన్నాను.

"ఇంకో మంచి జంటని చూసి పంపిస్తాను. పిల్లలు లేనివాళ్ళని."

నేను ఫోన్ పెట్టేశాను. అలా మధ్యలో పెట్టెయ్యడం నాకలవాటు లేదు. రాధారాణి వంటింట్లోనే ఉంది. ఎవరని అడగలేదు.

*

ఖాళీ చేసే రోజు స్కూలుకి సెలవు పెట్టాను. గదులన్నీ అద్దెకున్నవాళ్ళతో కలిసి చూసుకోవాలని క్లాసులో చెప్పారు. శ్యామ్‌సుందర్ ఒక్కడే ఉన్నాడు. నళిని ముందురోజే వెళ్ళిపోయింది. స్టవ్ వెనక కూడా తుడిచి పెట్టారు. అతను తాళంచెవులు నా చేతిలో పెట్టి, ఏదో అనబోయి, "ఆంటీకి చెప్పండి," అన్నాడు. ఏం చెప్పాలో చెప్పలేదు. సామాన్ల ట్రక్కు మలుపు తిరిగేదాకా నేను వాకిట్లోనే ఉన్నాను.

తరవాత వాళ్ళ వంటింట్లోకి వెళ్ళి మధ్య తలుపు గడియ తీశాను. "రాణీ, ఇటు నుంచి రా," అని పిలిచాను. చుట్టు తిరిగి వాళ్ళ గుమ్మంలోంచి ఆమెని తీసుకురావడం నాకిష్టం లేకపోయింది.

అటువైపు గడియ తీసిన చప్పుడయింది. తలుపు లాగాను. అప్పటిదాకా తలెత్తి చూడలేదు, పైనుంచి ఏదో ఊగింది.

చట్రం పైన మేకు కొట్టి, నల్లదారంతో నిమ్మకాయ, మిరపకాయలు, బొగ్గుముక్క వేలాడదీసి ఉన్నాయి. మా వంటింటికి సరిగ్గా ఎదురుగా. కర్టెన్ కడ్డీలతో సహా అన్నీ తీసుకెళ్ళారు. ఇది మరిచిపోయారో, ముట్టుకోవడానికి భయపడ్డారో.

రాధారాణి గడప అవతలే ఆగి తలెత్తి చూసింది. నేను చెయ్యి చాపాను తీసెయ్యడానికి.

"ఉండండి," అంది. ముందుకి వచ్చి నిమ్మకాయని వేళ్ళతో పట్టుకుంది. దిష్టికి కట్టినదాన్ని మాలో ఎవరూ ఒట్టి చేత్తో ముట్టుకోరు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, సంతలో కాయ బేరం చేసేదానిలా గోటితో నొక్కి చూసింది.

"రాయయిపోయింది. ఇంతలా ఎండాలంటే చాలా నెలలు పడుతుంది," అంది. "కాగితం చూసి కట్టింది కాదు. ఊరగాయకి కట్టిందీ కాదు. ఇంట్లో దిగిన రోజే కట్టి ఉంటుంది."

నేను చాపిన చెయ్యి దించాను.

"సీసా మీరే కడిగేవారు కదా?"

"ఎప్పటినుంచి తెలుసు?"

"మొదటిసారి నుంచీ. మన ఇళ్ళల్లో ఎవరైనా గిన్నె ఖాళీగా తిరిగిస్తారా? ఏమీ లేకపోతే చెంచాడు పంచదారైనా వేసిస్తారు." దారం వదిలింది. అది మళ్ళీ ఊగింది. "మీరు ఒక్కసారి పంచదార వేసి పెట్టి ఉంటే నమ్మేదాన్ని."

"తెలిసీ మళ్ళీ ఎందుకు నింపావు?"

"ఈసారైనా తింటుందేమోనని."

లోపలికి నడిచింది. చిన్నగదిలోకి వెళ్ళి కిటికీ ఎత్తి దించి చూసింది. పసుపు రంగు మీద వేలు రాసి, వేలు చూసుకుంది. ఏమీ అంటలేదు. వెనక్కి వచ్చేటప్పుడు తలుపు దగ్గర ఆగి ఆ మేకు వైపు చూసింది.

"దీనికి డిపాజిట్‌లోంచి పట్టుకోవచ్చా?"

"పట్టుకోకూడదు. మనుషులున్నాక పడే గుర్తులు. అలాంటివి ఇంటివాళ్ళే భరించాలి."

"సరే," అంది.

నేను దారం తెంచి, వీధి చివర నాలుగు దారులు కలిసే చోటికి తీసుకెళ్ళి పారేశాను. అలా పారెయ్యడం చిన్నప్పుడు చూసినట్టు గుర్తు. మేకు పీకలేదు. వచ్చేసరికి మా మధ్య తలుపుకి మావైపు గడియ వేసి ఉంది. రాధారాణి ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉంది. చేతులు కడుక్కున్నట్టుంది, తడిగా ఒళ్ళో పెట్టుకుంది. కుట్టుపని పక్కన లేదు.

వీధి చివర నుంచి పిల్లల గొంతులు మొదలయ్యాయి.

"ఆ కిటికీ దించెయ్యండి," అంది.

"ఉండనీ రాణీ. వేసవంతా తీసే ఉంచావుగా."

"దించెయ్యండి. పిల్లలు వస్తున్నారు." ఆమె కిటికీ వైపు చూడకుండా గోడ వైపు ముఖం తిప్పుకుంది. "నా కళ్ళు పడతాయి."

వెళ్ళి దించాను. కొత్త రంగు వేసిన కిటికీ, ఏ చప్పుడూ లేకుండా దిగింది.